నగరమును శివారును

హైదరాబాదు నగరవాసులకును శివారువాసులకును నడుమ నీరు, రోడ్లు, చెత్త యను మూడింటిని గూర్చి చిరకాలముగా వివాదము సాగుచున్నది. ఇది యిరుగుపొరుగు తగవు మాత్రమే కాదు. ఎవరి శ్రమ ఎవరికి సుఖమగుచున్నదను ప్రశ్న.

నగరవాసుల వాదమిది: మంజీరా, కృష్ణా, గోదావరి నదుల నీటిని దెచ్చుటకు మేము పన్నులు కట్టితిమి, నిన్న వెలసిన కాలనీలు నేడు మా నల్లాలలోని నీటిని పంచుకొనుచున్నవి. ఇందు న్యాయము లేకపోలేదు. కాని లెక్క చూచువారు జమయు ఖర్చును రెండును చూడవలెను.

1908వ సంవత్సరపు మూసీ వరద పిమ్మట నిర్మింపబడిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగరుల నీటిని కాపాడుటకై 1996లో 111వ నంబరు ఉత్తరువు 84 గ్రామములలో కట్టడములను నియంత్రించెను. నీరు త్రాగినది నగరము. నిర్బంధమును భరించినది పల్లె. నగరపు చెత్తను ఏండ్లతరబడి జవహర్‌నగరునకు తోలిరి. ఇచ్చటి వీథులు శుభ్రపడెను. అచ్చటి భూగర్భజలము చెడెను. 2021 జనవరిలో ఇంటికి నెలకు 20,000 లీటర్ల నీటిని ఉచితముగా నిచ్చు పథకము మొదలుకాగా, ఆ యుపకారము నగరపాలక సంస్థ పొలిమేరకడ నాగిపోయెను. చెత్తకు లేని పొలిమేర సౌకర్యమునకు మాత్ర మేల?

విలీనమే మందని 2007లో 12 పురపాలక సంఘములను, 8 గ్రామ పంచాయితీలను నగరమున గలిపిరి. 2025 డిసెంబరులో మఱి 27 సంఘములను చేర్చిరి. కచేరీపై పేరు మారినంతనే గొట్టమున నీరు రాదు. కచేరీ దూరమైనచో మొఱ వినువాడును దూరమగును.

కావున ప్రతి వార్డున వసూలైన పన్నెంతయో, అచ్చట వ్యయమైన దెంతయో ఏటేట తెలుగునను ఉర్దూనను ప్రకటింపవలెనని మేము కోరుచున్నాము. తక్కువ పన్నిచ్చు పేదలకు తక్కువ నీరిండని మా భావము కాదు. దాపరికము తొలగినగాని అనుమానము తొలగదు. నీటిధర యంతట నొక్కటిగా నుండవలెను. చెత్తను పుట్టినచోటికి సమీపముననే శుద్ధిచేయవలెను.

తెల్లవాఱకముందే శివారు బస్తీలనుండి వచ్చి నగరవీథుల నూడ్చు స్త్రీలు గలరు. వారు ఇల్లు చేరి బిందెతో ట్యాంకరుకై నిలువవలసినంత కాలము, ఈ నగరము శుభ్రమైనదని మేము చెప్పజాలము.