ఫోటోకు విలువ ఎక్కడిది?

పిల్లలూ! మీలో చాలామందికి ఫోటోలు తీసే సరదా ఉంది. ఈ రోజుల్లో సెల్‌ఫోను ఉన్న ప్రతి ఇంటా కెమేరా ఉన్నట్టే గదా! "మాష్టారూ, మేం తీసిన ఫోటోలను పత్రికలవాళ్ళు కొంటారా?" అని మీరు అడగవచ్చు. బాగుంటే కొంటారు. కాని, వాళ్ళు ఏమి చూసి కొంటారు? నిజంగా జరిగిన ఒక సంగతి చెబుతాను, వినండి.

1953 మే 3వ తేదీన అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలో, వర్జీనియా షౌ అనే ఆమె తన భర్త వాల్టర్‌తో కలిసి కారులో పోతున్నది. రెడ్డింగ్ పట్టణం సమీపాన ఎత్తయిన వంతెన మీద ఒక పెద్ద లారీ అదుపు తప్పి, పక్కనున్న కమ్మీలను విరగగొట్టుకుని పోయింది. డ్రైవరు కూర్చునే ముందు భాగం వంతెన అంచున కిందికి వేళ్ళాడసాగింది. అందులో ఇద్దరు మనుషులున్నారు!

వాల్టర్ పరుగున పోయి, మరొకరితో కలిసి తాడు జారవిడిచాడు. ఆ ఇద్దరినీ రక్షించారు. ఆ సమయంలో వర్జీనియా, అంతా కనిపించే చోట నిలబడి, తన బ్రౌనీ కెమేరాతో ఫోటో తీసింది. బ్రౌనీ అంటే ఖరీదైనది కాదు. 1900లో మొదటి బ్రౌనీని ఒక్క డాలరుకే అమ్మారు.

ఆమె ఆ ఫోటోను శాక్రమెంటో బీ అనే పత్రిక పోటీకి పంపితే 10 డాలర్ల బహుమానం వచ్చింది. తరవాత అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తాసంస్థ దాన్ని దేశమంతటా పత్రికలకు అందించింది. 1954లో ఆ ఫోటోకు పులిట్జర్ బహుమానం లభించింది. ఫోటోలకిచ్చే ఆ బహుమానం పొందిన మొదటి స్త్రీ ఆమే!

చూశారా? విలువ కెమేరాది కాదు. పత్రిక విలేకరి లేని చోట ఆమె ఉన్నది. జరిగినదాన్ని జరిగినట్టు చూపింది. మీ ఊరి చెరువుకు గండి పడినా, తిరునాళ్ళ జరిగినా, అక్కడ ముందుండేది మీరే. అయితే కొన్ని సంగతులు గుర్తుంచుకోండి.

ఎవరైనా ఆపదలో ఉంటే ముందు సహాయం, ఫోటో తరవాత. మీరు ప్రమాదంలోకి పోకూడదు.

ఫోటోతోపాటు ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏమి జరిగింది అన్నది రాయండి. ఈ నాలుగూ లేని ఫోటో చిరునామా లేని ఉత్తరం వంటిది. వార్త చల్లారకముందే పంపాలి.

ఉన్నదాన్ని చెరపకండి, లేనిదాన్ని చేర్చకండి. ఇప్పుడు యంత్రాలే దొంగ బొమ్మలు సృష్టిస్తున్నవి. కనుక మార్చని అసలు ఫోటోను భద్రంగా దాచండి. ఒక్కసారి అబద్ధం బయటపడితే మీ ఫోటోను మళ్ళీ ఎవరూ నమ్మరు.

మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, మీ అంతట మీరు తీసిన ఫోటో మీద హక్కు మీదే. పత్రిక సాధారణంగా కొనేది దాన్ని అచ్చువేసుకునే అనుమతిని మాత్రమే. ఒకసారి వేసుకోవటానికా, ఎల్లకాలానికా? ఎంత ఇస్తారు? ఫోటో కింద మీ పేరు వేస్తారా? ఈ సంగతులు కాగితం మీద ఉండాలి. ఆ ఉత్తరాలు మాత్రం మీ అమ్మగారో, నాన్నగారో రాయాలి సుమా!

ఈ నెల మీకొక పని. మీ వీధిలో జరిగిన ఒక సంగతిని ఫోటో తీసి, దాని కింద నాలుగు వాక్యాలు రాయండి. ఆ వీధి ఎరగనివారికి చూపండి. వారు మళ్ళీ ప్రశ్న వేయకుండా అంతా తెలుసుకుంటే, మీ ఫోటో పత్రికకు పంపతగినదే!