స్కోరు చుట్టూ తిరిగిన భయం

2021 ఏప్రిల్, మే నెలల్లో కరోనా రెండో దశ విరుచుకుపడినప్పుడు, జ్వరం వచ్చిన మనిషి పరిస్థితిని ఆయాసాన్ని బట్టో ఆక్సిజన్ శాతాన్ని బట్టో కాక, చేతిలోని రిపోర్టులో ఉన్న అంకెను బట్టి తేల్చే అలవాటు తెలుగు రాష్ట్రాల్లో పల్లెల దాకా పాకింది. దీన్ని ప్రజల అజ్ఞానంగా కొట్టిపారేయడం అన్యాయం; పరీక్షకు లేని శక్తిని అంటగట్టినవారిలో ఆసుపత్రులూ, ప్రభుత్వ యంత్రాంగమూ ఉన్నాయి.

ఛాతీకి తీసే హెచ్‌ఆర్‌సీటీ స్కాన్‌నే తీసుకుంటే, ఊపిరితిత్తుల్లో కుడివైపు మూడు, ఎడమవైపు రెండు చొప్పున ఉండే భాగాలు ఒక్కొక్కటీ ఎంతమేర దెబ్బతిన్నాయో చూసి, సున్నా నుంచి 5 వరకు అంకె వేసి కూడగా వచ్చేదే 25కు లెక్కగట్టే సీటీ స్కోరు. స్కాన్ తీసిన నాటి స్థితిని మించి అది చెప్పగలిగింది తక్కువ. జబ్బు మొదలైన తొలి రోజుల్లో స్కాన్‌లో ఏమీ కనిపించకపోవచ్చు. లక్షణాలే లేనివారిలో మచ్చలు కనిపించి, చికిత్స లేకుండానే మాయం కావచ్చు. స్వల్ప లక్షణాలకు స్కాన్ అక్కర్లేదని అప్పటి ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా ఆ మే నెల ఆరంభంలోనే చెప్పారు. అయితే ఒక్క స్కాన్ రేడియేషన్ పరంగా 300 నుంచి 400 ఎక్స్‌రేలతో సమానమన్న ఆయన లెక్కను రేడియాలజిస్టుల సంఘం ఖండించడంతో చర్చంతా రేడియేషన్ మీదికి మళ్లి, అసలు విషయం మరుగున పడింది. ఫలితం ఏదైనా చికిత్స మారనప్పుడు, అప్పుచేసి తీయించుకున్న ఆ స్కాన్ రోగికి ఏ మేలూ చేయలేదు.

నమూనాలో వైరస్ జన్యుపదార్థం ఉందో లేదో పట్టిచూపే ఆర్‌టీ-పీసీఆర్ పరీక్షకూ హద్దులున్నాయి. నమూనా మరీ ముందుగా తీసినా, సరిగ్గా తీయకపోయినా జబ్బున్నవారికే నెగటివ్ రావచ్చు. కోలుకున్నాక కూడా మిగిలిపోయిన వైరస్ అవశేషాల వల్ల వారాల తరబడి పాజిటివ్ రావచ్చు. ఒకసారి పాజిటివ్ వచ్చినవారికి మళ్లీ పరీక్ష చేయవద్దని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2021 మే 4న సూచించింది. అప్పటికే ల్యాబులు మోయలేని భారంతో సతమతమవుతున్నాయి. నెగటివ్ కాగితం చూస్తే తప్ప నిద్రపట్టనివారు వరుసల్లో నిలబడినందువల్ల, నిజంగా ఆ పరీక్ష అవసరమైనవారి ఫలితాలు ఆలస్యమయ్యాయి.

కానీ ఆ కాగితానికి అంత విలువ కట్టింది ఎవరు? పాజిటివ్ రిపోర్టు లేనిదే పడక ఇవ్వని ఆసుపత్రుల ముందు, ఆయాసంతో వచ్చినవారి కుటుంబాలు రిపోర్టు కోసం పరుగెత్తక ఏం చేస్తాయి? చేర్చుకోవడానికి పాజిటివ్ రిపోర్టు తప్పనిసరి కాదని కేంద్రం స్పష్టంచేసింది మే 8న, అంటే దేశంలో రోజువారీ కేసులు 4 లక్షలు దాటిన తర్వాత. ఆ జాప్యం క్షమించరానిది.

ఇక్కడ ఒక తేడాను గుర్తించాలి. వ్యాధి ఎక్కడ, ఎంతగా వ్యాపిస్తోందో ప్రభుత్వం తెలుసుకోవడానికి చేసే పరీక్షలు వేరు, భయం తీరడానికి వ్యక్తి చేయించుకునే పరీక్షలు వేరు. మొదటి రకం పరీక్షలు చాలినన్ని చేయడం లేదని తెలంగాణ ప్రభుత్వాన్ని హైకోర్టు పదేపదే మందలించగా, రెండో రకం పరీక్షలు మాత్రం ప్రైవేటు కేంద్రాల్లో అదుపు లేకుండా సాగాయి. అదే ప్రభుత్వం 2021 మేలో చేపట్టిన ఇంటింటి జ్వర సర్వేలో ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు పరీక్ష ఫలితం కోసం ఆగకుండా లక్షణాలున్నవారికి మందుల కిట్లు అందించారు. ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గిందో లేదో చూసే చిన్న పరికరం కూడా ప్రతి ఆశా కార్యకర్త చేతిలో, ఆమె వెనుక ఒక అంబులెన్సు ఉండి ఉంటే, స్కాన్ కేంద్రాల ముందు వరుసలు చాలావరకు తగ్గేవి.