శాఖ మార్చుకొను యువ వకీలు

వానలు తప్పిన యేడు రైతు ఫీజు చెల్లింపలేడు. కావున కొత్తచెరువున భూమి దావాలు నడపు యువ వకీలు కార్మికచట్టమునకు మరలదలచిన తప్పులేదు. పెనుకొండ చెంత ఎఱ్ఱమంచిలో కియా కర్మాగారము 2019లోనే కార్ల తయారీ నారంభించినది. అయితే బెంగుళూరు ఆఫీసులకు దరఖాస్తులంపి కూర్చుండుట దారికాదు. పారిశ్రామిక ట్రిబ్యునలులో ఎదుటిపక్షము సమ్మతియు, ట్రిబ్యునలు అనుమతియు లేనిదే వకీలు వాదింపరాదు. సలహాయు, అర్జీల వ్రాతయు నచ్చట ముఖ్యములు. ఆ పని కార్మికసంఘముల గడపల చెంత దొరకును. అది కూడివచ్చువఱకు పాత కక్షిదారులను విడువరాదు.

టంగుటూరి ప్రకాశముగారు రాజమహేంద్రవరమున పేరుపడ్డ రెండవతరగతి ప్లీడరు. హైకోర్టులో వాదించు హక్కు లేక 1904లో ఇంగ్లాండునకేగి, బారిష్టరై 1907లో మరలి, మదరాసున వృత్తి నారంభించిరి. లా టైమ్సు పత్రికను నడపిరి. చట్టమెఱిగినవాడనుటకు అచ్చుపడిన వ్రాతకంటె సిఫారసేమున్నది? సముద్రయానము నేడక్కఱలేదు. 2020 నాటి పారిశ్రామికసంబంధముల కోడు సీనియర్లకును క్రొత్తయే. దానిని తెలుగున వివరించు వ్యాసమొకటి చేతబట్టి సీనియరు చెంతకు పోవలెను.