యాసను వెక్కిరించువారికి

ఒకని వేషమును జూచి నవ్వుట అనాగరకమని మన మెన్నడో గ్రహించితిమి. కులమును బట్టి నవ్వుట పాపమని పెద్దలు బోధింపగా వింటిమి. కాని యొకని నోటిమాటను విని నవ్వుట మాత్ర మింకను చదువుకొన్నవారి వినోదముగనే నిలిచియున్నది.

మా చౌటుప్పల్ హైదరాబాదునుండి విజయవాడకు బోవు రహదారిమీద నున్నది. ఇరుదిక్కుల పలుకులును మా చెవిని బడును. పడమటివారు ‘వచ్చిండు’ అందురు. తూర్పువారు ‘వచ్చాడు’ అందురు. అర్థమున రవంతయు భేదము లేదు. అయినను రెండవది మర్యాదయట, మొదటిది మోటుదనమట! బడిలో బాలుడు ‘మా నాయన వచ్చిండు’ అనగనే గురువు దిద్దును, తోడిపిల్లలు నవ్వుదురు. ఇంటికడ తల్లియు ‘అట్ల అనకు బిడ్డా, నలుగురు నవ్వుతరు’ అని మందలించును. తల్లి పలుకు తప్పని తల్లి నోటనే చెప్పించు చదువు ఎట్టి చదువు?

ఈ తీర్పు నిచ్చువారిని మేము వ్యాకరణము సాక్షిగా నడుగుచున్నాము. రెండు రూపములకును మూలము ‘వచ్చినాడు’. కోస్తావారు నడుమనున్న ‘ఇన్’ను విడిచి ‘వచ్చాడు’ అనిరి. తెలంగాణమువారు ‘నా’లోని అచ్చును విడిచి, నకారపు ధ్వనిని సున్నగా నిలుపుకొని ‘వచ్చిండు’ అనిరి. ‘వచ్చినది’ అను మాటను కోస్తావారును ‘వచ్చింది’ అనియే పలుకుదురు గదా! అక్కడ పోయినదియు నకారముమీది అచ్చే. స్త్రీ విషయమున సాధువైన మార్పు పురుషుని విషయమున నెట్లు భ్రష్టమగును? మఱియు ‘చెప్పాడు’ అని వ్రాయువారిలో పలువురు పలుకునపు డచట ఆకారమును గాక, ‘బ్యాంకు’లో వినబడునట్టి అచ్చును బలుకుదురు. దానికి మన వర్ణమాలలో ప్రత్యేకముగ నక్షరమే లేదు. వ్రాత యొకటి, పలు కొకటి. అయినను దానిని విని నవ్వినవాడు లేడు.

భాషకు ప్రమాణరూప మొకటి వలదా యందురు. వ్రాతకు కట్టుబా టుండుట మాకును సమ్మతమే. ఈ వ్యాసమును మే మే యింటను మాటాడని భాషలో వ్రాయుచున్నాము గదా! పాణిని మహర్షియు ప్రాచ్యుల వాడుక యిది, ఉదీచ్యుల వాడుక యిది యని సూత్రములలో పేర్కొనెనేగాని యొకరిని గేలిసేయలేదు. ప్రమాణము వేఱు, పరిహాసము వేఱు.

గిడుగు రామమూర్తిగారు (1863–1940) గ్రంథభాష ప్రజల నోటికి దూరమైనదని పోరాడిరి. గ్రాంథికము పీఠము దిగెను. కాని యా పీఠముపై ఎల్లరి వాడుకయు గూర్చుండలేదు. ముఖ్యముగా కృష్ణా గోదావరి ప్రాంతముల చదువరుల వాడుక కూర్చుండెను. 1956లో ఆంధ్రప్రదేశ మేర్పడిన పిదప పాఠ్యపుస్తకములును సినిమాలును దానినే పెంచినవి. తెలంగాణపు యాస వెండితెరపై చాలకాలము హాస్యగానికిని రౌడీకిని మిగిలెను. 2014లో ప్రత్యేక రాష్ట్ర మేర్పడినది. కాళోజీ జన్మదినమగు సెప్టెంబరు 9 తెలంగాణ భాషాదినోత్సవ మయినది. ఇప్పుడు కథానాయకులును ఈ యాస పలుకుచున్నారు. సంతోషమే. కాని యేడాదికొకనాడు వేదికపై బొగడి, తక్కిన దినములలో తరగతిగదిలో దండించిన నేమి లాభము?

ఇది మర్యాదకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలిక వృత్తిపదకోశములు 1962లో వ్యవసాయమునకును, 1971లో చేనేతకును వెలువడినవి. ఆ పదములు పండితుల గ్రంథములలో దొరకినవి కావు. రైతుల, నేతగాండ్ర నోళ్ళనుండి ఏరినవి. మా పొరుగున పోచంపల్లి మగ్గములయొద్ద నేటికిని అట్టి మాటలు బ్రతికియున్నవి. నవ్వుకు వెఱచి తండ్రి పలుకును విడిచిన బాలుడు తండ్రి పనితనపు మాటలనుగూడ విడుచును. మాట పోయిన పిమ్మట దానితోడి జ్ఞానమును వెదకికొనవలసివచ్చును.

కావున ఉపాధ్యాయులారా, ‘ఇది పుస్తకపు రూపము, ఇది మన యింటి రూపము’ అని రెండింటిని పక్కపక్కన జూపుడు. తల్లులారా, మీ పలుకును మీ బిడ్డలయెదుట దాచకుడు. తప్పు అను మాటను వ్రాతలోని అక్షరదోషమునకు దాచియుంచుడు; కన్నవారి పలుకునకు దానిని వాడకుడు.