ఆ బురదలో ఎవరి ఇల్లుంది?

పొలం దున్నేటప్పుడో, బావి తవ్వేటప్పుడో పాత కుండపెంకులు బయటపడటం మీలో కొందరైనా చూసే ఉంటారు. అప్పుడు మీరేం చేశారు? అటూ ఇటూ తిప్పి చూసి విసిరేశారా? లేక లంకెబిందెలు దొరుకుతాయేమోనని ఇంకా లోతుగా తవ్వారా? రెండూ పొరపాటే! ఎందుకో చెప్పటానికి మిమ్మల్ని కాస్సేపు అమెరికా పడమటి తీరానికి తీసుకుపోతాను.

అక్కడ వాషింగ్టన్ రాష్ట్రంలో, పసిఫిక్ మహాసముద్రపు ఒడ్డున ఓజెట్ అనే ఊరుండేది. అది మకా అనే ఆదివాసులది. తిమింగలాల వేటలో వారు ఆరితేరినవారు. కొన్ని శతాబ్దాల క్రితం తడి బురద కొండ మీదినుంచి జారివచ్చి అక్కడి చెక్క ఇళ్లను కొన్నింటిని కప్పివేసింది. మిగిలిన ఊరు ఆ తర్వాత కూడా చాలాకాలం నిలిచింది. పిల్లల్ని బడికి పంపి తీరాలన్న ఒత్తిడి వల్ల, 20వ శతాబ్దం తొలి దశాబ్దాలలో అక్కడివారు నియా బే అనే ఊరికి తరలిపోయారు.

1970లో తుఫాను అలలు ఒడ్డును కోసివేయగా బురదలోని ఇల్లు బయటపడింది. దారిన పోయేవారు దొరికిన వస్తువునల్లా పట్టుకుపోసాగారు. సంగతి తెలిసిన మకా నాయకుడు ఎడ్ క్లాప్లన్‌హూ, పురావస్తు శాస్త్రజ్ఞుడు రిచర్డ్ డోహర్టీకి కబురుచేశాడు. తవ్వకాలు 1981 దాకా సాగాయి. విశ్వవిద్యాలయ విద్యార్థులతో పాటు మకా యువతీయువకులూ ఆ బురదలో పనిచేశారు. నానిన కర్రకు పలుగు తగిలితే ఇంకేముంది? అందుకని గొట్టాలతో నీళ్లు చిమ్మి బురదను మెల్లగా కడిగివేశారు.

అన్నేళ్లు చెక్క చివకలేదేం అని మీకు సందేహం రావచ్చు. చెక్కను తినే బూజులకు ఆక్సిజన్ కావాలి. తడి బురదలో అది అందదు. అయితే బయటికి తీసి ఎండనిస్తే ఆ చెక్క ముడుచుకుని పగులుతుంది. అందువల్ల దానిలోని నీటి స్థానంలో పాలిఎథిలీన్ గ్లైకాల్ అనే మైనం వంటి పదార్థం చేరేలా నానబెట్టారు. ఇలా 55,000కు పైగా వస్తువులు దక్కాయి. వాటిలో బుట్టలున్నాయి, తాళ్లున్నాయి, 700కు పైగా సముద్రపు నీటికుక్క పళ్లు పొదిగిన తిమింగలపు రెక్క చెక్కడమూ ఉంది.

ఇవన్నీ ఏ మహానగరానికో పోలేదు. 1979లో మకాలు నియా బేలోనే తమ మ్యూజియం తెరిచారు. "పెద్ద నగరంలో పెడితే ఎక్కువమంది చూసేవారు గదా!" అని మీరనవచ్చు. నా అభిప్రాయం వేరు. బురదలో దొరికిన పనిముట్లను మకా వృద్ధులు గుర్తుపట్టి, వాటి పేర్లూ వాడే తీరూ చెప్పారు. అలా చెప్పగలవారికి దూరమైతే వస్తువు మూగదవుతుంది. తవ్వకానికి వెళ్లే స్వచ్ఛంద కార్యకర్త ఇంకొకరి తాతముత్తాతల ఇంట్లో అడుగుపెడుతున్నాడన్నమాట. అతనికి కండబలం కన్నా ఓపిక ముఖ్యం, వినయం ఇంకా ముఖ్యం.

మరొక మాట. పెంకు విలువ పెంకులో లేదు. అది ఎక్కడ, ఎంత లోతున, దేని పక్కన ఉన్నదన్న దానిలో ఉంది. ఒకసారి పెరికేస్తే ఆ సమాచారం మళ్లీ రాదు. నాగార్జునకొండ లోయలో జలాశయపు నీళ్లు ముంచేలోగా, 1954 నుంచి 1960 దాకా, ఎన్నో పొరలను వరుసగా పరిశీలించి నమోదు చేశారు. తొందరలో కూడా పద్ధతి తప్పకూడదని ఆ పని మనకు చెబుతుంది.

కనుక ఈసారి పెంకు కనబడితే తవ్వకండి. ఉన్నచోటనే ఉంచి బొమ్మ గీయండి, చోటు గుర్తు రాసుకోండి. మీ మాస్టారికి చూపి, పురావస్తు శాఖకు ఉత్తరం రాయించండి. ఆ చోటును గురించి ఊళ్లోని ముసలమ్మలేమంటారో అడిగి అదీ రాసుకోండి. పలుగు పట్టకుండానే మీరు తవ్వకంలో సగం పని చేసినట్లే!