వాక్యపు వెలితి

సూరతు నగరమందలి డిండోలి ప్రాంతమున మరమగ్గములను నమ్ముకొని స్థిరపడిన తెలుగు కుటుంబములు కలవు. ఆ యిండ్ల విద్యార్థి ఆంగ్లవ్యాసమున క్రియలేని వాక్యము వ్రాసినచో దానిని బుద్ధిమాంద్యముగా నెంచుట అన్యాయము. "ఆమె ఉపాధ్యాయురాలు" అనునది తెలుగున క్రియ లేకయే సంపూర్ణవాక్యము. ఆంగ్లమున "ఈజ్" లేనిదే అది నిలువదు. లోపము అన్వయభేదమున నున్నది.

అయినను "సూరతు వచ్చి" యని చుక్క పెట్టినచో ఆ బాలునికే వెలితి తోచును. సమాపక, అసమాపక క్రియల భేదము వానికి చెవినే యున్నది. ఆంగ్లవాక్యమును నేర్పుటకు ఇంతకంటె మంచి ఆధారమేది? మన ఆంగ్లబోధకులు దీనిని తాకనైన తాకరు.

పేరాగ్రాఫు సంగతి వేరు. హేతువులన్నియు చెప్పి ప్రతిపాద్యమును తుదకు తెచ్చుట తెలుగున దోషము కాదు. ఆంగ్లమున దానిని తరచుగా తొలివాక్యముననే కోరుదురు. సూరతు పురపాలక తెలుగు పాఠశాలలందు ఈ పోలికను తెలుగు గంటలోనే చెప్పవలెను.