మేడ్చల్‌లో ఫ్యాక్టరీ... ఫ్రాన్సులో బేరం

ఫిబ్రవరి జీతం అందుకునే రోజున పంతులుకైనా, ఆఫీసు గుమాస్తాకైనా ఒకటే అనుభవం. పన్ను కోసుకున్నాకే మిగిలింది చేతిలో పెడతారు. ఏ దేశంలో పన్ను కట్టాలో ఎంచుకునే వీలు జీతగానికి లేదు. బహుళజాతి కంపెనీకి ఉంది. వాటాలు ఎవరి పేరు మీద ఉంచాలి, ఎక్కడ కూచుని అమ్మాలి అన్నవి అది పన్ను లెక్క చూసుకునే తేల్చుకుంటుంది. ఇదెట్లా జరుగుతుందో తెలుసుకోవడానికి అమెరికా దాకా పోనక్కర్లేదు, మేడ్చల్ దాకా పోతే చాలు.

వరప్రసాద్ రెడ్డి 1993లో హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. తొలినాళ్ల పరిశోధన ఉస్మానియా యూనివర్సిటీలో, ఆ తర్వాత సీసీఎంబీలో సాగింది. రెండూ ప్రజల సొమ్ముతో నడిచేవే. 1997లో హెపటైటిస్-బి టీకా బయటికొచ్చింది. విదేశీ టీకా ఒక్కో డోసు వందల రూపాయలు పలికే రోజుల్లో 50 రూపాయలకు వచ్చిన ఆ మందును చూసి మనమంతా గర్వపడ్డాం. ఆ గర్వాన్ని ఇప్పుడూ వదులుకోం.

2006లో ఫ్రాన్సుకు చెందిన మెరియూ అలయన్స్ రంగంలోకి దిగింది. శాంతా వాటాలను నేరుగా తన పేరు మీద కొనలేదు. ఫ్రాన్సులోనే ‘షాన్‌హెచ్’ అనే కంపెనీ పెట్టి, దాని పేరు మీద కొన్నది. 2009లో సనోఫీకి అమ్మే వేళకు షాన్‌హెచ్ చేతిలో శాంతా వాటాలు దాదాపు 80 శాతం ఉన్నాయి. శాంతా విలువను 55 కోట్ల యూరోలుగా కట్టారు. అప్పటి లెక్కలో మూడున్నర వేల కోట్ల రూపాయల పైమాటే. ఇంతకీ సనోఫీకి అమ్మింది ఏమిటి? శాంతా వాటాలు కాదు, షాన్‌హెచ్ వాటాలు. అమ్మినవాళ్లది ఫ్రాన్సు, కొన్నవాళ్లది ఫ్రాన్సు, చేతులు మారిన కాగితమూ ఫ్రాన్సుదే. శాంతా రిజిస్టరులో వాటాదారు పేరు మాత్రం షాన్‌హెచ్‌గానే ఉండిపోయింది.

ఆస్తి ఇక్కడుంది కాబట్టి లాభం మీద పన్ను మాకు రావాలని ఆదాయపు పన్ను శాఖ పట్టుబట్టింది. 2011లో అడ్వాన్స్ రూలింగ్స్ అథారిటీ ఆ శాఖ వైపే మొగ్గింది. 2013 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాన్ని కొట్టేసింది. షాన్‌హెచ్ ఉత్తుత్తి కంపెనీ కాదని, 1992లో రెండు దేశాలు రాసుకున్న పన్ను ఒప్పందం ప్రకారం ఈ లాభం మీద పన్ను వేసే హక్కు ఫ్రాన్సుదేనని తేల్చింది. తీర్పును మేము తప్పుపట్టడం లేదు. కోర్టు తన ముందున్న కాగితాన్ని చదివింది. ఆ కాగితం రాసిందెవరన్నదే మా ప్రశ్న.

మరో సంగతి. వాటాలను పెట్టుబడిగా రెండేళ్లకు పైగా ఉంచుకుని అమ్మిన కంపెనీలకు 2007 నుంచి ఫ్రాన్సు చట్టం ఆ లాభంలో అత్యధిక భాగం మీద పన్ను మినహాయిస్తున్నది. మధ్యలో ఒక కంపెనీని ఎందుకు నిలబెడతారో, దాన్ని ఏ దేశంలో నిలబెడతారో అర్థం కావడానికి ఇంతకంటే వివరం అక్కర్లేదు.

వోడాఫోన్ కథ అందరికీ తెలిసిందే. 2007లో హచిసన్ దగ్గర మన దేశపు ఫోన్ వ్యాపారాన్ని వెయ్యి కోట్ల డాలర్లు దాటిన ధరకు కొన్నది. చేతులు మారింది కేమన్ దీవుల్లోని ఒక కంపెనీ వాటా. 2012 జనవరిలో సుప్రీంకోర్టు పన్ను చెల్లదన్నది. కేంద్రం వెనకటి తేదీ నుంచి వర్తించేలా చట్టం మార్చింది, 2021లో తనే వెనక్కి తీసుకున్నది. ఆట మధ్యలో నియమం మారిస్తే ఇట్లాగే అవుతుంది. 2012 మే 28 తర్వాతి బేరాలకు ఆ చట్టం ఉన్నా, శాంతా కేసులో హైకోర్టు స్పష్టం చేసినట్టు, ఒప్పందం ముందు దేశీయ చట్టం తలవంచాల్సిందే.

అప్పుల వ్యవహారమూ ఇదే బాపతు. మాతృసంస్థ ఇక్కడి కంపెనీకి వాటా సొమ్ముగా ఇస్తే డివిడెండు పన్ను కట్టాక మిగిలిన లాభంలోంచి పోవాలి. అప్పుగా ఇస్తే వడ్డీ ఖర్చు కింద ముందే పోతుంది, పన్ను వేయాల్సిన లాభం తగ్గుతుంది. అందుకే సొంత బిడ్డకే అప్పిచ్చి వడ్డీ గుంజే తల్లులు పుట్టుకొచ్చాయి. 2017లో కేంద్రం దీనికి కొంత పగ్గం వేసింది.

కేంద్రం వసూలు చేసే ఆదాయపు పన్నులో రాష్ట్రాలకు వాటా ఉంది. పైస రాకపోతే బడికీ, దవాఖానకూ తగ్గేది ఇక్కడే. కాని విదేశాలతో ఒప్పందాలు పూర్తిగా కేంద్రం చేతిలోని పని. పన్ను ఒప్పందాన్ని సర్కారు సంతకం చేసి నోటిఫై చేస్తే అమల్లోకి వస్తుంది. అసెంబ్లీ సంగతి అటుంచండి, పార్లమెంటులో సైతం దానిమీద ఓటింగు జరగనక్కర్లేదు. ఉద్యోగికి పది రూపాయల పన్ను పెంచాలంటే బడ్జెట్ ప్రసంగం కావాలి. వేల కోట్ల బేరం మీద హక్కు వదులుకోవడానికి ఒక నోటిఫికేషన్ సరిపోతుంది.

ఒప్పందం ముసాయిదాను సంతకానికి ముందే పార్లమెంటు ముందు పెట్టాలి, రాష్ట్రాల అభిప్రాయం అడగాలి. అక్కడ కూచున్న మన ఎంపీలు ఈ డిమాండును ఎప్పుడు లేవనెత్తుతారో చెప్పాలి.